కోనసీమ కింద మొదటి ముప్పై మీటర్లు

గౌరీపట్నం క్వారీల్లో నిలువుగా కోసిన నల్లరాయి గోడలు కనబడతాయి. ఇటు పంగిడి దగ్గర, ఏటికి అవతల రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులోనూ అదే రాయి. కంకరై మన రోడ్ల మీదకీ స్లాబుల్లోకీ వచ్చే ఈ రాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. వయసు 6.5 కోట్ల ఏళ్ల పైమాటే. ఈ సంగతి చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే: అయితే రాజమండ్రిలో అగ్నిపర్వతం ఉండేదా?

ఉండేది కాదనే నేను అనుకుంటున్నాను. ఈ లావా పుట్టింది ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన, పడమటి కనుమల వైపు. దక్కన్ ట్రాప్స్ అనే ఆ లావా పీఠభూమి నుంచి ఆనాటి నదీలోయల వెంట పల్లం వెతుక్కుంటూ సముద్రం దాకా వచ్చింది. కింది లావా రసాయన కూర్పు పడమటి కనుమల్లోని అంబెనాలి పొరలతో సరిపోతుంది, పై లావాది మహాబలేశ్వర్ పొరలతో. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుతాయి. రాజమండ్రిలో కింది లావా తలకిందుల దిశలో ఉంది, పై లావా ఇప్పటి దిశలో ఉంది. పడమటి కనుమల్లోనూ అదే వరస. రాతిలో చిక్కిన ఆర్గాన్ వాయువుని కొలిచి తీసిన వయసులూ కలుస్తున్నాయి. ఇక్కడే నేల చీలి లావా పైకి వచ్చి ఉంటుందని వాదించిన భూవిజ్ఞానులు లేకపోలేదు. నాకు మాత్రం దూరప్రయాణం వైపే త్రాసు మొగ్గుతోంది. అదే నిజమైతే భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. రెండు లావాల నడుమ గుల్లలున్న సున్నపురాయి పొర ఒకటి ఉంది. డైనోసార్లు పోయిన కాలానికీ ఈ లావాకీ ఉన్న ముడిని ఆ పొరలోని సూక్ష్మజీవుల గుల్లల్లో వెతికిన పరిశోధనలు ఉన్నాయి. అలాంటి గోడల్లో కనీసం ఒక్కటైనా కంకర మిల్లుకి పోకుండా మిగలాలని నా కోరిక, కానీ ఈ వ్యాసం దాని గురించి కాదు.

ఈ వ్యాసం ఆ రాయి దక్షిణాన ఎక్కడికి పోయిందన్న దగ్గర మొదలవుతుంది. గౌరీపట్నంలో కంటికి కనబడే బసాల్ట్ గోదావరి డెల్టాలోకి వచ్చేసరికి మాయమవుతుంది. చమురు కోసం తవ్విన బావుల్లో మళ్లీ దొరుకుతుంది, ఈసారి కిలోమీటర్ల లోతులో. చమురు భూగర్భశాస్త్రంలో దాని పేరే రాజోలు పొర. క్వారీ నుంచి రాజోలుకి అరవై డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. అంత దూరంలో ఒకే రాయి నేలమట్టం నుంచి అంత లోతుకి దిగిందంటే మధ్యలో భూపటలం విరిగి మెట్లు మెట్లుగా కుంగిందన్నమాట. తణుకు కింద పైకి లేచిన దిమ్మె ఉంది, కైకలూరు కింద ఇంకొకటి ఉంది. గుడివాడ, బంటుమిల్లి ప్రాంతాల కింద పల్లాలున్నాయి. మత్స్యపురి, పాలకొల్లు పేర్లతోనే ఒక పెద్ద ఫాల్ట్, అంటే భూపటలం విరిగి జరిగిన గీత, ఉంది. ఇవన్నీ ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. వాటికి అడ్డంగా వాయవ్యం నుంచి ప్రాణహిత–గోదావరి చీలికలోయ వచ్చి కలుస్తుంది. సింగరేణి బొగ్గు పేరుకున్నది ఆ లోయలోనే. ఆ పల్లాలన్నీ పూడి, పైన పరుచుకున్న ఆఖరి పొరే మన ఒండ్రు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. రాజోలు కింద ఆ రాయి 3 కిలోమీటర్లు కుంగిందనుకుందాం. 3 కిలోమీటర్లంటే 30 లక్షల మిల్లీమీటర్లు. దాన్ని 6.5 కోట్ల ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 0.05 మిల్లీమీటరు కూడా రాదు. మనిషి వందేళ్లు బతికితే ఆ లెక్కన కుంగేది అర సెంటీమీటరు లోపు. మన కింద లోతున ఉన్న భూపటలం అంత నెమ్మది. కానీ ఆ రాయి మీద పేరుకున్న మెత్తని మన్ను దాని సొంత బరువుకి ఏటా మిల్లీమీటర్లలో అణగగలదు, భూకంపం వస్తే క్షణాల్లో మారిపోగలదు. డెల్టా కింద జరిగిన పరిశోధనలో అధికభాగం గ్యాసు కోసం జరిగింది కాబట్టి 3 కిలోమీటర్ల లోతున ఏముందో మనకు పొర పొరా తెలుసు. మన ఇల్లు, బడి, ఆసుపత్రి నిలబడ్డ మొదటి 30 మీటర్ల గురించి ఊరివారీగా ఒక్క పటం కూడా ఊళ్లో దొరకదు. ఈ వరస తిరగబడాలన్నదే నా వాదన.

భూకంపం వచ్చిన ప్రతిసారీ టీవీల్లో ఒక పటం వేసి దాని మీద ఎర్రగీత గీస్తారు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రత, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3. ములుగు కుదుపు విజయవాడ దాకా తెలిసింది. వెంటనే అందరి నోటా ఒకే ప్రశ్న: ఆ ఫాల్ట్ మా ఊరి కిందుగా పోతుందా? ఫాల్టులు లేవని నేను అనను, పైన అన్ని పేర్లు చెప్పాను. అయితే ఆ ప్రశ్న మనకి పెద్దగా పనికిరాదు. భారత ద్వీపకల్పం మధ్యలో భూకంపం ఏ ఫాల్ట్ మీద వస్తుందో ముందుగా చెప్పలేమని 1993లో మహారాష్ట్రలోని లాతూరు భూకంపం నేర్పింది. అక్కడ కిందున్న ఫాల్ట్‌ని నల్లరాయి కప్పేసింది, పైకి ఆనవాలు లేదు. ఏ గీత కదిలినా కదలకపోయినా, ఆ కుదుపు మన కాళ్ల కిందకి వచ్చేసరికి ఎన్ని రెట్లు అవుతుందన్నది ఈ మన్ను చేతిలో ఉంది. అది కొలవగలిగిన విషయం.

ఆ కొలత ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. కుదుపు తరంగం గట్టి నేలలో వేగంగా, మెత్తని నేలలో నెమ్మదిగా నడుస్తుంది. నెమ్మదించిన కొద్దీ ఊపు పెరుగుతుంది. కోత తరంగం, అంటే నేలని పక్కకి ఊపే కుదుపు, దాని వేగం సెకనుకి 180 మీటర్లున్న బంకమన్ను 30 మీటర్ల మందాన ఉందనుకోండి. ఆ మన్ను సహజంగా సెకనుకి ఎన్ని ఊపులు ఊగుతుందో తీయడానికి తరంగ వేగాన్ని మందానికి నాలుగు రెట్లతో భాగించాలి. 180ని 120తో భాగిస్తే సెకనుకి 1.5 ఊపులు, అంటే ఒక్క ఊపుకి 0.67 సెకన్లు. ఇప్పుడు 18 మీటర్ల ఎత్తున్న ఆరంతస్తుల కాంక్రీటు ఫ్రేము తీసుకుని భూకంపాలకి తట్టుకునే కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1893లోని సూత్రంలో వేస్తే దాని ఊపు 0.66 సెకన్లు. నేలా భవనమూ ఒకే తాళంలో ఊగుతాయి. మధ్యలో ఇటుకగోడలుంటే ఫ్రేము బిగిసి ఆ అంకె తగ్గుతుంది, నిజమే. కానీ పై అంతస్తుల్లో గోడలు కట్టి, కింద కార్ల కోసం ఒట్టి స్తంభాలు వదిలితే ఆ ఊపంతా కింది స్తంభాల మీదే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి రెండొందల కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో, సబర్మతి ఒండ్రు మీద కట్టిన అపార్టుమెంట్లు కూలింది ఇలాగే. చిన్న ఇళ్లకేం కాదనుకోవడమూ పొరపాటే. అదే మన్ను 9 మీటర్ల మందమే ఉంటే సెకనుకి 5 ఊపులు వస్తాయి, ఆ తాళం రెండంతస్తుల డాబాకి దగ్గర.

మన్నులో రెండో సంగతి నీరు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంట తెలియని మనిషి కోనసీమలో లేడు. మామూలుగా లోతుకి పోయేకొద్దీ నీటి ఒత్తిడి ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది, 3 కిలోమీటర్ల దగ్గర 300. కానీ బంకమన్ను మీద త్వరత్వరగా బరువు పడితే అందులోని నీటికి బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు పైనున్న రాళ్ల బరువులో కొంత ఆ నీరే మోస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్ లోతుల్లో అలా బిగిసిపోయిన పొరలున్నాయి. తవ్వేటప్పుడు బావిలో నిలబెట్టే బరువైన బురదనీరు, అంటే డ్రిల్లింగ్ మడ్, దాని బరువు లోపలి ఒత్తిడికి చాలకపోతే బావి అదుపు తప్పి ఎగదన్నుతుంది, అదే బ్లోఅవుట్.

ఈ సూత్రం 10 మీటర్ల లోతులోనూ పనిచేస్తుంది. నీటిమట్టానికి కిందనున్న వదులు ఇసక భూకంపానికి కుదురుకోవాలని చూస్తుంది. రేణువుల మధ్య నీరు తప్పించుకోలేక బరువంతా తన మీద వేసుకుంటుంది. రేణువులు ఒకదానినొకటి వదిలేస్తాయి, ఇసక కాసేపు నీరులా ప్రవర్తిస్తుంది. పునాది ఒరుగుతుంది, ఖాళీ సెప్టిక్ ట్యాంకు పైకి తేలుతుంది, చేలో ఇసక బుగ్గలు లేస్తాయి. అన్ని ఇసకలూ ఇలా చెయ్యవు. పాత ఏటి పాయ పూడిన చోట ఉండే సన్న ఇసక అన్నిటికన్నా ప్రమాదం. సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిన ఇసకమెరకల మీద ఇంటికి కొంత నయం, ఎందుకంటే అక్కడ నీటిమట్టం పై నుంచి కాస్త దూరంలో ఉంటుంది. మన పెద్దలు ఊళ్లూ కొబ్బరితోటలూ మెరక మీద పెట్టి, రెండు మెరకల మధ్య పల్లాన్ని వరికి వదిలారు. తాగడానికి తియ్యని నీరు కూడా మెరక కిందే దొరికేది. ఇప్పుడు మెరక నిండిపోయి, వరిచేలూ పూడిన పాయలూ ఇసక తోలి లేఅవుట్లు అవుతున్నాయి. తోలిన ఇసక మీద ఇల్లు రోడ్డు కన్నా ఎత్తుగా కనబడుతుంది. కింద నేల మాత్రం మారలేదు.

అలాంటి స్థలంలో మట్టి పరీక్ష చేయిస్తారు గదా అంటారు. చేయిస్తారు. ఆ పరీక్ష ఎలా పాడవుతుందో కట్టేవాళ్లకి తెలియాలి. బోరు గుంతలో గొట్టం దింపి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం 45 సెంటీమీటర్లు దిగాలి. మొదటి 15 వదిలేసి మిగతా 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఎన్ విలువ. నేలలో ఇసక, నీరు ఉన్నప్పుడు గొట్టం పైకి లాగేటప్పుడు బోరులో నీటిమట్టం బయటి మట్టం కన్నా తగ్గితే, కింది నుంచి ఇసక ఉబికి లోపలికి వస్తుంది. చెదిరిన ఇసకలో తీసిన విలువ ఉన్నదాని కన్నా తక్కువ చూపిస్తుంది. బోరు ఎప్పుడూ నిండుగా ఉంచాలి, పనిముట్టు నెమ్మదిగా లాగాలి. సుత్తి తాడు చేత్తో లాగి వదిలేచోట పూర్తి ఎత్తు నుంచి పడదు, తాడు రాపిడికి శక్తి పోతుంది, దెబ్బలు ఎక్కువవుతాయి. నేల గట్టిగా ఉందన్న భ్రమ కలుగుతుంది. ఇది మొదటిదాని కన్నా ప్రమాదం. మెత్తని బంకమన్నులో సుత్తి బరువుకే గొట్టం దిగిపోయి ఎన్ సున్నా వస్తుంది. అప్పుడు ఈ పరీక్షే ఆపి, కోనుని నెట్టే పరీక్షో, రెక్కలు తిప్పే వేన్ పరీక్షో చెయ్యాలి.

ఇవన్నీ సరిగా చేసినా రిపోర్టులో చూడాల్సిన వరస ఒకటుంది. మన డెల్టాని ఇన్నాళ్లూ పటాల్లో 3వ భూకంప మండలంగా లెక్కిస్తూ వచ్చారు. 2016 నాటి ఐఎస్ 1893 ప్రకారం ఆ మండలంలో నీటి కిందున్న ఇసకకి 5 మీటర్ల లోపు ఎన్ కనీసం 15, 10 మీటర్ల నుంచి 25 ఉండాలి, మధ్యలో లెక్కకట్టుకోవాలి. అంతకి తగ్గితే నేలని గట్టిపరచాలి, లేదా పైళ్లు, అంటే గట్టిపొర దాకా పోయే పునాది స్తంభాలు, దింపాలి. చాలా రిపోర్టులు నేల ఎంత బరువు మోస్తుందో ఒక అంకె రాసి ఊరుకుంటాయి, ఈ పోలికే ఉండదు. అంతకన్నా బాధ కలిగించేది పక్క స్థలం రిపోర్టునే తేదీ మార్చి వాడే అలవాటు. డెల్టాలో వంద మీటర్ల తేడాలో బంకమన్ను పోయి పూడిన పాయ ఇసక రావచ్చు. పక్క స్థలం అంకె మన స్థలానికి అంకె కాదు.

ఊరంతటికీ బోర్లు వెయ్యడం ఖర్చు. అందుకే ముందు నేల ఊపుని విని, అనుమానం ఉన్నచోట మాత్రమే బోరు వెయ్యాలి. మూడు దిశల్లోనూ కదలికని పట్టే సీస్మోమీటరుని నేల మీద పెట్టి అరగంట వదిలేస్తే, సముద్రపు అలలూ రోడ్డు రాకపోకలూ పుట్టించే సన్నని వణుకుని రాసుకుంటుంది. అడ్డ కదలికని నిలువు కదలికతో భాగిస్తే నేల సహజంగా సెకనుకి ఎన్ని ఊపులు ఊగుతుందో ఆ అంకె దగ్గర గీతలో శిఖరం వస్తుంది. ఈ పద్ధతిని 1989లో నకమురా అనే జపాను ఇంజినీరు ప్రచారంలోకి తెచ్చాడు. చెప్పడానికి ఇంత సులువు. చెయ్యడంలో మన నేలకి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. గాలి వీస్తుంటే కొబ్బరిచెట్టు వేళ్ల ద్వారా ఆ ఊపుని నేలకి అందిస్తుంది, తోట మధ్యలో పెట్టిన యంత్రం నేలని కాక చెట్టుని కొలుస్తుంది. రొయ్యల చెరువులు ఇంకా పెద్ద చిక్కు. చెరువు నీటికి గాలి కలిపే ఏరేటర్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగినా, గేరు తగ్గించాక తెడ్డు నిమిషానికి వంద చుట్ల దగ్గర తిరుగుతుంది. అంటే సెకనుకి 1.7. పైన 30 మీటర్ల మన్నుకి లెక్కకట్టిన 1.5 పక్కనే ఉంది! తెలియనివాడు తెడ్డుని చూసి నేల అనుకుంటాడు. పట్టుకునే దారి ఉంది. యంత్రాల శిఖరం సూదిలా సన్నగా, మూడు దిశల్లోనూ కనబడుతుంది. నేల శిఖరం వెడల్పుగా ఉంటుంది. అనుమానం తీరకపోతే ఏరేటర్లు ఆపినప్పుడు మళ్లీ రికార్డు చెయ్యాలి. ఇంకో హెచ్చరిక: మన్ను లోతుకి పోయేకొద్దీ మెల్లమెల్లగా గట్టిపడేచోట శిఖరమే రాకపోవచ్చు. గీత చదునుగా ఉందంటే నేల మంచిదని అర్థం కాదు.

శిఖరం ఊపు చెబుతుంది గాని తరంగ వేగం చెప్పదు. వేగం కోసం వరసగా 24 జియోఫోన్లు (నేల కదలికని పట్టే చిన్న పరికరాలు) రెండేసి మీటర్ల దూరంలో గుచ్చి, ఒక చివర 8 లేదా 10 కిలోల సమ్మెటతో పలక మీద కొట్టి, నేల మీద పాకే తరంగం నడకని చదవాలి. 46 మీటర్ల వరస వేస్తే 20 మీటర్లు, మరికాస్త లోతు కూడా చదవొచ్చు. దీనికి కాలం చూసుకోవాలి. సార్వా నీళ్లలో జియోఫోను నిలవదు, పలక బురదలో కూరుకుపోతుంది. దాళ్వా కోతలయ్యాక, కాలవలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో చెయ్యాలి. అప్పుడింకో చిక్కు. ఎండకి పగుళ్లిచ్చి పెచ్చు కట్టిన పై మీటరు దాని కింది మన్ను కన్నా గట్టిగా ఉంటుంది. పైది మెత్తన, కిందిది గట్టి అనుకుని లెక్కకట్టే సాఫ్ట్‌వేరు అక్కడ తప్పుతుంది. పొడుగు మేకులున్న జియోఫోన్లు పెచ్చు దాటి గుచ్చాలి, లెక్కలో పై పొరని విడిగా ఇవ్వాలి.

ఇక కుంగడం. డెల్టాలో కాలవ వాలు కిలోమీటరుకి సుమారు 20 సెంటీమీటర్లు. సముద్రం వైపు చేలు 10 సెంటీమీటర్లు అణిగితే అర కిలోమీటరు వాలు పోయినట్టు లెక్క, మురుగుకాలవ నీరు వెళ్లదు. పై నుంచి వచ్చే కొత్త ఒండ్రు పూడ్చుతూ ఉంటే ఆ నష్టం తెలియదు. 1970ల్లో డెల్టా తల దగ్గర ఏటా 15 కోట్ల టన్నులున్న ఒండ్రు, 1990లకి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఆనకట్టల వెనక ఆగిపోతోంది.

ఈ కుంగుబాటుని ఉపగ్రహంతో కొలిచేస్తున్నారు గదా అని సమాధానం వస్తుంది. ఇక్కడ చాలామంది గమనించని లోపం ఒకటుంది. ఇందుకు వాడే సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. పన్నెండు రోజుల తేడాతో తీసిన రెండు చిత్రాల్లో వరి పెరిగిపోతుంది, కొబ్బరిమట్టలు కదిలిపోతాయి, పోలిక చెడుతుంది. స్థిరంగా మిగిలేవి వంతెనలు, పెద్ద భవనాలు. అవి నిలబడ్డది పైళ్ల మీద, పైళ్లు దిగింది మెత్తని మన్ను దాటి గట్టిపొరలోకి. అంటే అణుగుతున్న పై పొరల కదలిక ఉపగ్రహానికి కనబడదు. పైళ్ల మీద పెట్టిన జీపీఎస్‌కీ ఇదే కథ. విశాఖపట్నం ఆటుపోట్ల కొలమానం గట్టి కొండరాయి ప్రాంతంలో ఉంది, అది కోనసీమ నేల గురించి చెప్పలేదు. ఈ కొలతలు చూసి నేల కదలడం లేదంటే, కదలని చోట్ల మాత్రమే కొలిచామని అర్థం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన రాడార్ ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం ఉంది. ఆకులని దాటి నేలని చూడటంలో దానికి అనుకూలత ఎక్కువ, చేల మీద అది ఎంత పట్టుకుంటుందో ఆత్రంగా చూడాల్సిందే. అయినా నేల మీద ఒక కొలత లేకుండా దాన్ని సరిచూడలేం. ఉక్కు కడ్డీని గట్టిపొర దాకా దింపి, దాని తల నుంచి చేని మట్టానికి దూరాన్ని ఏటా కొలవడం పాతకాలపు పద్ధతి. పై పొర ఒక్కటే ఎంత అణిగిందో అది సూటిగా చెబుతుంది.

పెద్ద భూకంపం మనకి రాదు గదా, ఇంత ఖర్చెందుకని అడిగేవాళ్లకి నా జవాబు: పైన చెప్పిన కొలతలు భూకంపానికే కాక పునాదికి, మురుగుకాలవకి, ఉప్పునీటికి కూడా పనికొస్తాయి. సగం సమాచారం ఇప్పటికే మన ఊళ్లలో పారబోస్తున్నాం. మంచినీళ్ల బోరు వేసే ప్రతి మేస్త్రికీ నల్లమన్ను ఎక్కడ అయిపోయిందో, గుల్ల ఇసక ఎక్కడ తగిలిందో తెలుసు. ఆ మాట ఎవరూ రాసుకోరు.

రాయడం కష్టం కాదు. ఫోనులో చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నేల పూడ్చిందా సహజమా, మన్ను మారిన ప్రతి లోతూ, దాని రంగు, ఇసక సన్నమా ముతకా, మర్నాడు పొద్దున బోరులో నీటిమట్టం, నీరు తీపా ఉప్పా. గొట్టాలు లెక్కపెట్టి లోతు రాయాలి, కంటితో అంచనా వెయ్యకూడదు. నీళ్లతో కడిగి పైకి తెచ్చే బోరులో మన్ను కాస్త ఆలస్యంగా పైకి వస్తుంది కాబట్టి, గొట్టం దిగడంలో తేడా తెలిసిన లోతే సరైనది. గుల్లలు వస్తే పారేయకండి. రెండు చిప్పలూ అతుక్కుని ఉన్నది దొరికితే అది బతికిన చోటే పూడిపోయిందనడానికి మంచి గుర్తు, విడి చిప్ప ఎక్కడి నుంచైనా కొట్టుకొచ్చి ఉండొచ్చు. అయితే అలాంటిది చెక్కుచెదరకుండా పైకి రావాలంటే నమూనా గొట్టంతో తీసిన బోరు కావాలి, నీళ్లతో కడిగే బోరులో చాలావరకు పగిలిపోతాయి. దాన్ని ఆరబెట్టి, అల్యూమినియం రేకులో చుట్టి, పైన లోతు రాసి ఉంచాలి. సముద్రమట్టం ఇంచుమించు ఇప్పటి దగ్గరికి వచ్చింది సుమారు 6,000 ఏళ్ల కిందట. నీటి అంచున బతికే జాతి గుల్లకి రేడియోకార్బన్ పరీక్షలో 6,000 ఏళ్లు వచ్చి, అది సముద్రమట్టానికి 12 మీటర్ల కింద దొరికిందనుకోండి: ఆ చోట నేల సగటున ఏడాదికి 2 మిల్లీమీటర్లు కుంగింది. లోతున ఉన్న నల్లరాయికి వచ్చిన అంకెకి అది నలభై రెట్లు.